కడపటి పంక్తి భోజనము



శరీరపు బరువును తగ్గించుకొనుటను గూర్చిన వ్యాసమనగానే మనలో పలువురు "ఇది తిని కూర్చుండువారి గొడవ, మనకెందుకు?" అని పుట త్రిప్పివేయుదురు. నేను వ్రాయబూనినది అట్టివారిని గూర్చి కాదు. ఇంటిల్లిపాదికిని వడ్డించి, తుదకు గిన్నెల యడుగున మిగిలినదానితో కడుపు నింపుకొను గృహిణులను గూర్చియే. అంత తక్కువగ, అంత ఆలస్యముగ తినువారి నడుము చుట్టుకొలత యేల పెరుగుచున్నది? వారి రక్తములో చక్కెర యేల చేరుచున్నది? వారి కంచములోని పదార్థముల పాళ్లకును దీనికిని గల సంబంధమెట్టిది? ఇదియే నా విషయము. నేను వైద్యురాలను గాను. ఇరువది రెండేండ్లుగా తెనాలిలో ఒక ఉమ్మడి కుటుంబపు వంటయిల్లు నడుపుచున్నదానను. ఆరోగ్యశాస్త్రజ్ఞులు వ్రాసిన వానిని చదువుట నాకొక వ్యసనము. ఈ రెండును కలిసినచోట నాకు తెలియవచ్చిన సంగతులను మనవి చేసికొందును.

మా యింట నేడుగురము. అత్తగారు, మేమిద్దరము, మా మరిది, తోడికోడలు, వారి పిల్లలిద్దరు. తోడికోడలికి రెండవ కాన్పు 2020లో జరిగినది. ఆ గర్భసమయమున ఆమెకు చక్కెర కనిపించెను. ప్రసవమైన పిమ్మట అది తగ్గిపోయినది గాని, ఏటేట పరీక్ష చేయించుకొమ్మని వైద్యురాలు గట్టిగ చెప్పి పంపిరి. పసిబిడ్డ, వంట, బడి, పండుగలు! నాలుగేండ్లలో ఒక్క పర్యాయమైనను పరీక్ష జరుగలేదు. గర్భిణిగ నున్నప్పుడు చక్కెర వచ్చినవారికి తరువాతి కాలమున మధుమేహము వచ్చు అవకాశము తక్కిన తల్లులకన్న ఏడు రెట్లు, అంతకు పైన కూడ, హెచ్చని పరిశోధనలు చెప్పుచున్నవి. ఈ సంగతి పురిటింటినుండి వచ్చిన ప్రతి తల్లికిని తెలియవలసినది.

2024 అక్టోబరులో ఒక నాడు ఆమెకు కన్ను తిరిగినట్లయి, రక్తపరీక్ష చేయించితిమి. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్.బి.ఏ.వన్.సి. అను లెక్క 6.3 వచ్చెను. 5.7 దాటిన మధుమేహపు గడప మీద నిలిచినట్లు, 6.5 చేరిన లోపలికి పోయినట్లు. ఆ కాగితమును చేత పట్టుకొని ఆమె పొయ్యి దగ్గర నిలువబడి, "అక్కయ్యా, మా అమ్మకూ ఇట్లాగే మొదలయింది" అన్నది. వాళ్లమ్మగారు మధుమేహముచేత మూత్రపిండములు చెడి, రెండేండ్లు వారమునకు మూడు మార్లు యంత్రమునకు కట్టుబడి, 58వ యేట పోయిరి. ఆమెకు నేనేమి చెప్పగలను? ఆ సాయంకాలము ఇద్దరమును మాటలాడకయే కూర తరిగితిమి.

చూచువారి కామె లావుగ కనిపించదు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. చేతులు, కాళ్లు సన్నముగనే యుండును. కాని నడుము కొలిచి చూడగ 89 సెంటీమీటర్లు. భారతీయ స్త్రీలకు 80 దాటరాదందురు, పురుషులకు 90. మన జాతి శరీరములకు గల చిక్కు ఇక్కడనే యున్నది. పూనాలోని వైద్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారును, ఆంగ్లేయులైన జాన్ యుడ్కిన్ గారును 2004లో 'లాన్సెట్' పత్త్రికలో తామిద్దరును పక్కపక్క నిలిచిన ఛాయాచిత్రమును ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువు లెక్క ఇరువురకును 22.3. ఒక్క పిసరు భేదము లేదు. కాని దేహములోని క్రొవ్వును కొలువగ ఆంగ్లేయునకు నూటికి 9.1 వంతులు, మన వారికి 21.2 వంతులు! త్రాసు మీద నిలిచి "నేను సన్నముగనే యున్నాను" అని సంతోషించుట మనవంటివారికి చాలదు. దర్జీవాని కొలతపట్టీ త్రాసుకన్న నిజము చెప్పును.

సరే, ఆమె తినునదేమి? పండ్లవారివలె ఊరక చెప్పిన లెక్కలు నాకు నచ్చవు గనుక, ఒక వారము దినములు వంటింటి త్రాసుతో అన్నియు తూచి పుస్తకములో వ్రాసితిని. బియ్యపు లెక్కలో దినమునకు సుమారు 300 గ్రాములు ఆమె కడుపులోనికి పోవుచుండెను. ఉదయము ఇడ్డెనగానో దోసెగానో, మధ్యాహ్నము అన్నముగ, రాత్రి మరల అన్నముగ. అనగా 1,050 కాలరీలు బియ్యమునుండియే. పప్పు 20 గ్రాములు. కూర రెండు గరిటెలు, అవియు ఉన్ననాడు. ఊరగాయ మాత్రము లోపము లేదు. సాయంకాలము తేనీటితో నాలుగు బిస్కత్తులు. మాంసకృత్తులన్నియు కలిపి చూడగ 35 గ్రాములకు మించలేదు. మన దేశపు వైద్యపరిశోధక మండలి 2020లో నిర్ణయించిన ప్రకారము, దేహపు బరువులో ప్రతి కిలోకును 0.83 గ్రాము కావలెను; ఆమెకు 50 గ్రాములు.

(మాంసకృత్తులన్న మాట విని శాకాహారులైన సోదరీమణులు బెదరవలదు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గాని, పప్పులోను, పెరుగులోను ఉండునదియు అదియే.)

ఎందుకిట్లు జరుగుచున్నదో ఆ వారములోనే తెలిసినది. పిల్లలు మొదట కూర్చుందురు. తరువాత మగవారు. అత్తగారికి వేరుగ వడ్డింతుము. మేమిద్దరము కూర్చుండునప్పటికి పప్పుగిన్నెలో పైతేట, కూరగిన్నెలో అంచుల కంటుకొన్న నాలుగు ముక్కలు. అన్నము మాత్రము సమృద్ధిగ నుండును. ఎవరికిని తక్కువ కారాదని పిడికెడు ఎక్కువ వేసి వండుట మన యాచారము గదా! పారవేయుటకు చేయి రాదు. కావున ఊరగాయతో కొంత, మజ్జిగతో కొంత, పిల్లలు విడిచినది కొంత. ఇంటిలో అందరకన్న పిండిపదార్థము ఎక్కువగ, పప్పు కూరలు తక్కువగ తినునది వండిన స్త్రీయే. ఆమె పథ్యము నిర్ణయించునది వైద్యుడు కాడు, నాలుకయు కాదు. పంక్తిలో ఆమె స్థానము.

ఇది మా యింటి సంగతి మాత్రమే యనుకొందునా? 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్తమైన పరిశోధనలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమును, మరి 13 కోట్ల 60 లక్షల మందికి దాని ముందు స్థితియు నున్నట్లు లెక్క తేలినది. మన ఆహారపు శక్తిలో అధికభాగము తెల్లని బియ్యము, మరపట్టిన గోధుమపిండి, చక్కెర, వీనినుండియే వచ్చుచున్నదని ఆ పరిశోధకులే పిమ్మట తెలిపిరి.

పిండిపదార్థము విషము కాదు. అది కడుపులో చక్కెరగ మారి రక్తములో చేరును. ఇన్సులిను దానిని కండరములకును కాలేయమునకును పంచిపెట్టును. కండ తక్కువగ నుండి, పని తక్కువగ నుండి, వచ్చునది ఎక్కువగ నున్నచో కాలేయము దానిని క్రొవ్వుగ మార్చి కొంత తనలోనే దాచుకొనును; కొంత రక్తములోనికి వదలును. పరీక్షకాగితములో ట్రైగ్లిసరైడులని వ్రాయబడునది అదియే. క్రొవ్వెక్కిన కాలేయము ఇన్సులిను మాట వినదు. వినకపోవుటతో ఇంకను ఇన్సులిను కావలసివచ్చును. నెయ్యి ముట్టని ఇల్లాలి రక్తములో క్రొవ్వు హెచ్చుటకు కారణమిది. మా తోడికోడలికి ఆ లెక్క 212 వచ్చినది. 150 లోపల నుండవలెను.

భయపడిన మనుష్యుడు మొదట చేయునది సర్వసన్న్యాసము. ఆమెయు అన్నము పూర్తిగ మానివేసినది. ఎవరో పొరుగువారు చెప్పగ, భోజనమునకు బదులు త్రాగవలసిన పొడి డబ్బాలు రెండు తెప్పించుకొన్నది. అమ్మినవారు నెలకు ఎనిమిది కిలోలు తగ్గునని ప్రమాణము చేసిరట. పదునొకండవ నాడు నీరసించి, పన్నెండవ నాడు పెరుగన్నము గిన్నెడు తిని యేడ్చినది. ఆ డబ్బాలలో ఇప్పుడు మినుములు పోసియుంచినాము.

అన్నము మానుట అనునది నేటి మాట కాదు. 1862లో లండనులో విలియం బాంటింగు అను అంత్యక్రియల వర్తకుడు 92 కిలోల బరువుతో, వంగి చెప్పుల ముడి వేసికొనలేక, వినికిడి తగ్గి, విలియం హార్వే అను చెవి వైద్యుని ఆశ్రయించెను. (రక్తప్రసరణమును కనిపెట్టిన హార్వే వేరు.) ఆయన రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, ఉర్లగడ్డలు మాన్పించెను. సంవత్సరములో సుమారు 21 కిలోలు తగ్గి, బాంటింగు 1863లో తన కథను సొంత వ్యయముతో అచ్చొత్తించెను. ఇంగ్లండులో పథ్యము చేయుటకు ఆయన పేరే క్రియాపదమైనది. నాటినుండి క్రొవ్వు మానవలెనా, పిండి మానవలెనా యని జగడము నడచుచునే యున్నది.

ఈ జగడమును తీర్చుటకు పెద్ద పరీక్షలు జరిగినవి. అమెరికాలో 2009లో ప్రకటింపబడిన యొకదానిలో 811 మందిని నాలుగు భాగములు చేసి, వేరు వేరు పాళ్లలో క్రొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థములు గల పథ్యములను రెండేండ్లు నడిపించిరి. తగ్గిన బరువు అన్నిటను ఇంచుమించు సమానమే. 2018లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్రిస్టఫర్ గార్డ్‌నరు గారు 609 మందికి, సగమునకు క్రొవ్వు తగ్గించియు, సగమునకు పిండి తగ్గించియు ఏడాది చూచిరి. మొదటివారు సగటున 5.3 కిలోలు, రెండవవారు 6 కిలోలు తగ్గిరి. ఆ భేదము లెక్కింపదగినది కాదు. అయితే ఒక్కొక్క వర్గములోనే కొందరు 25 కిలోలకు పైగ తగ్గగ, కొందరు పెరిగిరి! రక్తపరీక్షలలో మాత్రము తేడా కనిపించెను. పిండి తగ్గించినవారికి ట్రైగ్లిసరైడులు ఎక్కువగ దిగినవి. క్రొవ్వు తగ్గించినవారికి చెడ్డ కొలెస్ట్రాలు ఎక్కువగ దిగినది. నాకు ముఖ్యముగ తోచినది మరియొకటి. ఇరువర్గములకును, కూరగాయలు దండిగ తినుడు, చక్కెరయు మైదాయు విడువుడు అని సమానముగ చెప్పిరి. కాలరీలు లెక్కింపుమని ఎవ్వరికిని చెప్పలేదు.

2019లో కెవిన్ హాల్ గారు చేసిన పరీక్ష చిన్నదైనను చక్కనిది. ఇరువది మందిని పరిశోధనాలయములోనే యుంచి, రెండు వారములు యంత్రశాలలలో తయారైన తినుబండారములును, రెండు వారములు ఇంట వండినట్టి సహజాహారమును పెట్టిరి. వడ్డించిన రెండింటిలోను చక్కెర, క్రొవ్వు, ఉప్పు, పీచు సమానముగ నుండునట్లు చూచిరి. ఎంత కావలెనన్న నంత తినవచ్చును. యంత్రపు తిండి తిన్న రోజులలో వారు తమకు తెలియకయే దినమునకు 500 కాలరీలు ఎక్కువగ తిని, దాదాపు కిలో బరువు పెరిగిరి. సహజాహారము తిన్న రోజులలో అంతే తగ్గిరి. ఇది చదివిన నాడే మా యింట బిస్కత్తుల డబ్బాకు పదవీవిరమణ జరిగినది. ఆ స్థానమున ఉడికించిన శనగలు, ఒక్కొక్కప్పుడు గుప్పెడు వేరుసెనగలు. పిల్లలు రెండు దినములు సమ్మె చేసి, మూడవ నాడు లొంగిరి.

మాంసకృత్తుల సంగతి వేరుగ చెప్పవలెను. వానిలో నూటికి ఇరువది మొదలు ముప్పది వంతుల శక్తి అవి జీర్ణమగుటకే ఖర్చగును. పిండిపదార్థములలో ఐదు మొదలు పది వంతులే. అదిగాక అవి కడుపు నిండిన తృప్తిని ఎక్కువసేపు నిలుపును. అన్నిటికన్న ముఖ్యముగ, బరువు తగ్గునప్పుడు క్రొవ్వుతోపాటు కండ కరగిపోకుండ కాపాడును. నలుబదేండ్లు దాటిన మనకు కండయే ధనము.

మేము చేసిన మార్పు పెద్దది కాదు. ఏడుగురకు కలిపి దినమునకు 150 గ్రాములు వండు కందిపప్పును 280 చేసితిమి. మధ్యాహ్నము ఆమె వంతు బియ్యము 120 గ్రాములనుండి 60. తగ్గిన అన్నపు చోటును కూర ఆక్రమించెను; తోటకూర, గోంగూర, బీర, సొర, చిక్కుడు, ఏది చవుకయో అది. అత్తగారు తప్ప తక్కినవారికి దినము విడిచి దినము గ్రుడ్డు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన నియమములలో, కంచములో సగము కూరగాయలు, పండ్లు ఉండవలెననియు, ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 వంతులు మించరాదనియు చెప్పిరి. ఈ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి రోగపు విచారణకై చిన్న శాఖగ పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. తవుడు పోగొట్టిన బియ్యమే ప్రధానాహారమైనచోట ఆ రోగము ప్రబలెడిది.

అత్తగారికి మొదట ఇది నచ్చలేదు. "కూర నంజుకోవడానికే గానీ కడుపు నింపుకోవడానికా?" అనిరి. చూడగ ఆమె ప్రశ్నలోనే మన భోజనపు చరిత్రయంతయు నున్నది. మన కూరలు అన్నమును మ్రింగించుటకై చేయబడినవి. ఉప్పు, కారము, నూనె దండిగ నుండును. వానిని గిన్నెడు తినవలెనన్న, వండు విధము కొంత మార్చక తప్పదు. ఉప్పు, నూనె తగ్గించితిమి. మా యింట నెలకు 8 లీటర్ల నూనె పట్టుచుండెను. పసివారిని కూడ లెక్కించినను మనిషికి దినమునకు 35 గ్రాములు, అనగా 300 కాలరీలకు పైన! ఇప్పుడు 5 లీటర్లు. మిగిలిన ధనము పప్పు ఖర్చులో కొంత భరించినది. కందిపప్పు ధర బియ్యమునకు రెండు మూడు రెట్లుండగ, ఈ మాటలు చెప్పుట సులభము, కొనుట కష్టమని నేనెరుగుదును. ఉలవలు, పెసలు, శనగలు అంతకన్న చవుకగ దొరకునప్పుడు అవియే వాడుచున్నాము. వానిలోను నూటికి ఇంచుమించు ఇరువది వంతులు మాంసకృత్తులే.

అసలు కష్టము పంక్తిని మార్చుటలో వచ్చినది. రాత్రి భోజనమునకు ఏడుగురమును ఒక్కమారే కూర్చుండవలెననియు, గిన్నెలు నడుమ నుండవలెననియు నేనన్నాను. మొదటి వారము మా మరిది నీళ్లకై రెండు మార్లు, పెరుగుకై ఒక మారు లేవవలసివచ్చెను. ఇప్పుడు అలవాటైనది. పగలు మాత్రము ఉద్యోగముల వేళలచేత ఇది సాగుట లేదు. దానికి అత్తగారే ఉపాయము చేసిరి. వడ్డనకు ముందే చిన్నకోడలి కూర, పప్పు ఒక గిన్నెలో తీసి మూతపెట్టుదురు. మూడవ మారు కూర అడిగిన మరిది ఆ మూత వైపు చూడగ, "అది దానిది, నీ చెయ్యి పెట్టకు" అనిరి. ఇరువది రెండేండ్లలో ఆ యింట అట్టి మాట నేను వినలేదు.

తినుటలో వరుస కూడ కొంత పనిచేయును. న్యూయార్కులో 2015లో జరిగిన ఒక చిన్న పరిశోధనలో, పదునొకండుగురు మధుమేహరోగులకు ఒకే భోజనమును రెండు విధముల పెట్టిరి. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థము తుదకు తిన్ననాడు, అరగంట తరువాతి చక్కెర నూటికి 29 వంతులు తక్కువగ నుండెను. అందుచేత మా తోడికోడలు ముందు కూర, పప్పు కొంత వట్టిగ తిని, పిమ్మట అన్నము కలుపుకొనును. కానీ ఖర్చులేని పని.

ఉపవాసములను గూర్చి ఒక్క మాట. శనివారమునాడు ఒంటిపూట యుండి, రాత్రి ఫలాహారమని ఉప్మా, అటుకులు, సగ్గుబియ్యపు పాయసము తినుట మనకు పరిపాటి. దేవునికి దానితో పేచీ యుండకపోవచ్చును గాని, ఇన్సులినుకు అది అన్నముకన్న ఏమియు తక్కువ కాదు. అట్లే చిరుధాన్యములు. కొర్రలు, జొన్నలు మంచివే, పీచు ఎక్కువ. కాని 100 గ్రాముల జొన్నలలోను బియ్యముతో దాదాపు సమానమైన శక్తి యున్నది. కొర్రన్నమని రెండింతలు తిన్నచో లాభమేమి?

ఈ వ్రాత చదివి తొందరపడి యెవ్వరును మార్పులు చేయరాదు. ఇన్సులినుగాని, చక్కెర తగ్గించు కొన్ని రకముల మాత్రలుగాని వాడువారు వైద్యునితో చెప్పక అన్నము సగము చేసిన, చక్కెర హఠాత్తుగ పడిపోయి ప్రమాదము కలుగును. మూత్రపిండముల జబ్బున్నవారు మాంసకృత్తులు పెంచరాదు. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును ఇది కాలము కాదు.

2025 జూలైలో, తొమ్మిది నెలలకు, మరల పరీక్ష చేయించితిమి. బరువు 56 కిలోలు, ఐదు తగ్గినవి. ఎనిమిది కిలోలు నెలలో తగ్గింతుమన్న డబ్బావారు దీనిని చూచి నవ్వుదురేమో! నడుము 82. ట్రైగ్లిసరైడులు 141. హెచ్.బి.ఏ.వన్.సి. 5.8. ప్రతిదినము సాయంకాలము చెరువు గట్టు మీద అరగంట నడచుటయు ఇందులో కలిసియున్నది గనుక అంతయు పప్పు ప్రభావమని నేననను. చెన్నపట్టణములో డాక్టరు రామచంద్రన్ గారు 531 మందిపై చేసి 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఆహారమును వ్యాయామమును సరిచేసికొన్నవారిలో మధుమేహము నూటికి 28 వంతులు తగ్గినది. వారి బరువు పెద్దగ తగ్గకపోయినను! ఆ సంగతి నేను చదివి చెప్పగ తోడికోడలు కాగితమును నా చేతినుండి తీసికొని తానే మరల చదువుకొన్నది.

5.8 అనగా గడప ఇంకను దాటి వెనుకకు రాలేదు. పరీక్షతేదీలను వంటింటి గోడకు తగిలించిన పంచాంగములో ఎర్రసిరాతో గుర్తుపెట్టితిమి. ఆమెవి మాత్రమే కాక, నావి, మా మరిదివి కూడ.